పాత డీజిల్ ఫోర్‌వీల్ డ్రైవ్‌కు ఇంధనం అందడం లేదా? పంపు విప్పే ముందు చేయాల్సిన పరీక్షలు

పొద్దున్నే ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా ఇంజిన్ అందుకోదు. అందుకున్నా అర నిమిషంలో ఆగిపోయి, మళ్లీ కొడితే అప్పుడు నిలబడుతుంది. చదును రోడ్డు మీద బాగానే పోయే బండి ఎత్తు ఎక్కేసరికి పికప్ పోగొట్టుకుంటుంది. పాత డీజిల్ జీపుల్లో ఈ మూడూ కనిపించగానే వినిపించే మాట ఒక్కటే: 'పంపు పోయింది'. అన్నిటికన్నా ఖరీదైన పని అక్కడి నుంచే మొదలవుతుంది. నిజానికి ఇంజెక్షన్ పంపు అంత తొందరగా పోయే వస్తువు కాదు. దానికి డీజిల్ అందించే దారిలోనే ఎక్కువసార్లు లోపం ఉంటుంది: పగిలిన రబ్బరు పైపు, ఎండిపోయిన ఓరింగు, బురద పట్టిన జాలీ, మూసుకుపోయిన ట్యాంకు మూత. అందుకే పరీక్ష ట్యాంకు వైపు నుంచి మొదలుపెట్టాలి, పంపు దగ్గర ముగించాలి.

ఇక్కడ చెప్పేదంతా మెకానికల్ ఇంజెక్షన్ పంపు ఉన్న డీజిల్ బండ్లకే. కామన్ రైల్ (కంప్యూటర్ నడిపే కొత్త రకం ఇంజెక్షన్) బండ్లలో పైపులు వదులు చేసి చూసే పద్ధతి ప్రాణాంతకం. ఆ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది. పెట్రోల్ బండ్లకూ ఈ పద్ధతి వాడకండి.

మీ బండిలో డీజిల్ వచ్చే దారి

బండి కిందికి దూరి, ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా పైపు వెంబడే చూస్తూ రండి. ట్యాంకులో అడుగు దాకా దిగే పికప్ పైపు, దాని చివర జాలీ. అక్కడి నుంచి ఛాసిస్ వెంట ఇనుప పైపు, రెండు చివరలా రబ్బరు ముక్కలు. తర్వాత నీళ్లు వేరుచేసే సెపరేటర్, ఫిల్టర్, ఇంజెక్షన్ పంపు. పంపు నుంచి, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లకు సన్నటి ఉక్కు పైపులు. మిగిలిన డీజిల్ రిటర్న్ పైపులో ట్యాంకుకు తిరిగి వెళ్తుంది.

ఇక్కడ ఒక్క విషయం తేల్చుకోవాలి: మధ్యలో లిఫ్ట్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగి ఇంజెక్షన్ పంపుకు తోసే చిన్న పంపు) ఉందా, లేదా? ల్యాండ్ రోవర్ 300టీడీఐలో ఇంజిన్ పక్కన క్యామ్‌షాఫ్ట్‌తో నడిచే లిఫ్ట్ పంపు ఉంటుంది. టయోటా 1హెచ్‌జెడ్ లాంటి ఇంజిన్లలో అది ఉండదు. రోటరీ పంపు (ఒకే రోటర్ తిరుగుతూ అన్ని సిలిండర్లకూ డీజిల్ పంచే ఇంజెక్షన్ పంపు) లోపలి వేన్లే, అంటే రెక్కలే, ట్యాంకు నుంచి నేరుగా డీజిల్ లాక్కుంటాయి. అలాంటి బండిలో ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న దారంతా పీల్పుడు మీద నడుస్తుంది. ఎక్కడ చిన్న సందు ఉన్నా డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి వెళ్తుంది. కింద ఒక్క చుక్క కూడా పడకుండా బండి సతాయించడానికి కారణం ఇదే. లిఫ్ట్ పంపు ఉంటే, దానికి ముందున్న సందు గాలి పీలుస్తుంది, తర్వాత ఉన్న సందు డీజిల్ కారుస్తుంది.

పొగను బట్టి మొదటి నిర్ణయం

ఒకరిని సెల్ఫ్ కొట్టమని, మీరు సైలెన్సర్ దగ్గర నిలబడండి. పది సెకన్లు చాలు.

పొగ అసలు రాకపోతే సిలిండర్లలోకి డీజిల్ వెళ్లడం లేదు. ఈ వ్యాసం మీకే. తెల్లపొగ దట్టంగా వస్తుంటే డీజిల్ వెళ్తోంది కానీ మండడం లేదు. హీటర్ ప్లగ్గులు, కంప్రెషన్, టైమింగ్, సెల్ఫ్ తిరిగే వేగం చూడాలి. ఇంధన దారిని కెలకడం అనవసరం. నల్లపొగ వస్తూ పికప్ లేకపోతే డీజిల్ ఎక్కువై గాలి తక్కువైందని అర్థం. ఎయిర్ ఫిల్టర్, టర్బో పైపులు, నాజిళ్లు చూడండి. పికప్ లేదు, పొగా లేదు అంటేనే డీజిల్ చాలడం లేదని అనుమానించాలి.

ఆగిపోయే తీరు కూడా చాలా చెబుతుంది. రాత్రంతా నిలబెట్టిన తర్వాతే మొరాయించి, పగలంతా ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటే గాలి చొరబడి డీజిల్ వెనక్కి జారిపోతోంది. ఖాళీగా బాగుండి లోడ్ మీద, ఎక్కువ రేసులో మాత్రమే కుంగిపోతే దారిలో అడ్డు ఉంది. ఐడ్లింగ్‌లో రేసు పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంటే ముందు గాలినే అనుమానించండి. చల్లగా ఉన్నప్పుడు బాగా అందుకుని, వేడెక్కాక ఆపితే మళ్లీ అందుకోకపోతే, అప్పుడు మాత్రం పంపు లోపలి అరుగుదల గురించి ఆలోచించాలి. ట్యాంకు నిండుగా ఉంటే బాగుండి, సగానికి దిగాక ఇబ్బంది పెట్టే బండి ఇంకో రకం. దాని సంగతి కింద వివరంగా ఉంది.

స్పానర్ పట్టకముందు చూసుకునేవి

యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించి, పంపు మీది లివర్ ఆఖరి స్టాపు బోల్టుకు ఆనుతోందో లేదో చూడండి. కేబుల్ సాగిపోయినా, పెడల్ కింద మందపాటి మ్యాట్ ఇరుక్కున్నా లివర్ ముప్పావు దూరంలోనే ఆగుతుంది. అచ్చం డీజిల్ చాలని బండిలాగే ఉంటుంది.

టర్బో ఉన్న బండిలో ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి పంపు తల మీదికి వచ్చే సన్నటి రబ్బరు పైపు ఉంటుంది. టర్బో ఒత్తిడి పెరిగినప్పుడు డీజిల్ పెంచమని పంపుకు చెప్పేది అదే. అది చిట్లినా, ఊడినా బండి పొగ లేకుండా నీరసంగా నడుస్తుంది. పైపు కొత్తది వేయడానికి ఐదు నిమిషాలు పట్టదు.

ట్యాంకు మూత తీయండి. 'సుయ్' మని గాలి లోపలికి లాక్కుంటే ట్యాంకు ఊపిరి రంధ్రం మూసుకుపోయింది. డీజిల్ తగ్గుతున్న కొద్దీ గాలి లోపలికి రాక, పంపు డీజిల్ లాగడానికి కష్టపడుతుంది. బురదలో, దుమ్ములో తిరిగే బండ్లలో ఇది మామూలే. మూత వదులుగా పెట్టి అరగంట నడిపి చూడండి. తేడా తెలిస్తే మూత మార్చండి, వెంట్ పైపు ఊది శుభ్రం చేయండి.

రోటరీ పంపు వెనక స్టాప్ సొలెనాయిడ్ (తాళం తీయగానే డీజిల్ దారి మూసే కరెంటు వాల్వు) ఉంటుంది. తాళం తిప్పగానే 'టిక్' మని వినిపించాలి. వినిపించకపోతే దాని టెర్మినల్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. తాళం ఆన్‌లో బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా రావాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా ఆ కరెంటు ఉండాలి. కొన్ని బండ్లలో తాళం స్విచ్ అరిగి, సెల్ఫ్ కొట్టేటప్పుడే ఇక్కడ కరెంటు పోతుంది. వోల్టేజీ లేకపోతే, వచ్చే వైరు విప్పి, బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజ్ ఉన్న వైరుతో నేరుగా ఇచ్చి చూడండి. 24 వోల్టుల బండ్లూ ఉన్నాయి కాబట్టి సొలెనాయిడ్ మీద రాసింది చదివాకే వైరు తగిలించండి. నేరుగా కరెంటిచ్చినా టిక్ మనకపోతే సొలెనాయిడ్ పోయింది. ఇలా నేరుగా ఇచ్చి స్టార్ట్ చేస్తే తాళంతో ఇంజిన్ ఆగదు, వైరు తీసేస్తేనే ఆగుతుంది. ఇది గుర్తుంచుకోండి.

రెండు ట్యాంకుల బండి అయితే రెండో ట్యాంకుకు మార్చి నడపండి. లోపం ఒక్క ట్యాంకు మీదే కనిపిస్తే సగం పని అయిపోయింది. మార్చే వాల్వు రిటర్న్‌ను కూడా మార్చాలి. అది మధ్యలో ఇరుక్కుంటే ఒక ట్యాంకు నుంచి తీసుకున్న డీజిల్ ఇంకో ట్యాంకులో పడుతుంది, ఒకటి ఖాళీ అవుతుంటే ఇంకోటి పొంగుతుంది.

సెపరేటర్ నుంచి ఒక గ్లాసు తీయండి

బండి రాత్రంతా కదలకుండా ఉన్నాక, సెపరేటర్ కింది స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి పావు లీటరు తీయండి. కారకపోతే పైన ఎయిర్ స్క్రూ వదులు చేయాలి, లేదా హ్యాండ్ ప్రైమర్ (ఫిల్టర్ తల మీద చేత్తో నొక్కే చిన్న పంపు) నొక్కాలి. సీసాను పది నిమిషాలు కదపకుండా వెలుతురులో పెట్టండి. నీళ్లు అడుగున విడిగా నిలుస్తాయి. ఎర్రటి పొడి కనిపిస్తే ట్యాంకు లోపల తుప్పు. నీటికీ డీజిల్‌కూ మధ్య నల్లటి జిగురు పొర తేలితే అది సూక్ష్మజీవుల పెరుగుదల. నీళ్లున్న ట్యాంకులోనే అవి పెరుగుతాయి.

ఆ జిగురు ఉంటే ఫిల్టర్ మార్చినంత మాత్రాన సరిపోదు. ట్యాంకు అడుగు ప్లగ్గు తీసి నీళ్లూ మడ్డీ మొత్తం దించాలి, డీజిల్‌కు వాడే బయోసైడ్ (సూక్ష్మజీవులను చంపే మందు) డబ్బా మీద రాసిన మోతాదులో వేయాలి. మందు వేశాక చచ్చిన జిగురంతా వచ్చి ఫిల్టర్‌లో పడుతుంది. బండిలో రెండు అదనపు ఫిల్టర్లు పెట్టుకోండి. బయోడీజిల్ శాతం ఎక్కువున్న ఇంధనం మొదటిసారి పోసినప్పుడూ ఇలాగే అవుతుంది. అది ట్యాంకు గోడల పాత మడ్డిని ఊడదీస్తుంది, పాత రబ్బరునూ మెత్తబరుస్తుంది.

పారదర్శక పైపు

ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ఎక్కువ చెప్పే పరికరం అర మీటరు పారదర్శక ప్లాస్టిక్ పైపు. మీ రబ్బరు పైపు లోపలి కొలతకు సరిపోయేది తీసుకోండి. పాత బండ్లలో ఎక్కువగా లోపలికి వచ్చేది 8 మి.మీ., రిటర్న్ 6 మి.మీ. ఉంటుంది. ఒక ముక్క ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య, ఇంకోటి పంపు నుంచి బయటికి వచ్చే రిటర్న్ మీద బిగించండి. ఫ్యాను, బెల్టు, ఎగ్జాస్ట్ దగ్గరికి వెళ్లకుండా కట్టేయండి.

దారిలోని ఎయిర్ తీసి (ఆ క్రమం కింద ఉంది), స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు నడవనివ్వండి. పైపు విప్పినందుకు మొదట్లో బుడగలు రావడం సహజం. తర్వాత ఇన్లెట్ పైపులో డీజిల్ నిండుగా, కదులుతోందా లేదా అని అనుమానం వచ్చేంత స్పష్టంగా కనిపించాలి. అప్పుడప్పుడు ఒక చిన్న బుడగ పోతే పట్టించుకోవక్కర్లేదు. బుడగలు వరసగా వస్తుంటే, లేదా రేసు పెంచగానే పెద్ద గాలి ముక్క దూసుకొస్తే, పంపుకు ముందే గాలి చొరబడుతోంది. ఇన్లెట్‌లో బుడగల్లేకుండా రిటర్న్‌లో మాత్రం ఆగకుండా వస్తుంటే గాలి పంపు దగ్గరే పుడుతోంది: ఇన్లెట్ బ్యాంజో (బోలు బోల్టుతో బిగించే పైపు చివర) వాషర్లు, లివర్ షాఫ్ట్ సీలు, లేదా నాజిళ్లలోంచి ఎగదన్నే సిలిండర్ గ్యాస్.

రాత్రి పైపు అలాగే ఉంచి పొద్దున స్టార్ట్ చేయకముందే చూడండి. నిన్న నిండుగా ఉన్న పైపు ఇవాళ ఖాళీగా కనిపిస్తే, మీ పొద్దుటి ఇబ్బందికి కారణం దొరికినట్టే. పరీక్ష అయ్యాక ఈ ప్లాస్టిక్ పైపు బండిలో వదిలేయొద్దు. డీజిల్‌కు, ఇంజిన్ వేడికి గట్టిపడి పగులుతుంది.

డబ్బా పరీక్ష

లోపం పంపుకు ముందా, పంపులోనా? దీన్ని నికరంగా తేల్చే పరీక్ష ఇదే. ఐదు లీటర్ల శుభ్రమైన డబ్బాలో కొత్త డీజిల్ పోసి, పంపు ఎత్తులోనో కాస్త పైనో, ఎగ్జాస్ట్‌కూ టర్బోకూ దూరంగా గట్టిగా కట్టండి. డబ్బా నుంచి ఒక పైపు, మధ్యలో చిన్న ఇన్‌లైన్ ఫిల్టర్‌తో, నేరుగా పంపు ఇన్లెట్‌కు. రిటర్న్ పైపు తిరిగి అదే డబ్బాలోకి. బండి ట్యాంకు, ఇనుప పైపు, సెపరేటర్, ఫిల్టర్ అన్నీ పక్కకు తప్పించినట్టయింది. విప్పిన చివరలకు శుభ్రమైన బోల్టులు దూర్చి మూసేయండి.

ఎయిర్ తీసి స్టార్ట్ చేయండి. ఐడ్లింగ్ స్థిరపడి, రేసు ఎక్కడా తడబడకుండా పెరిగి, పది నిమిషాలు అలాగే ఉంటే మీ పంపు ఆరోగ్యంగా ఉంది. రాత్రంతా డబ్బా మీదే ఉంచి పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటే ఇంకేం సందేహం లేదు. పంపు జోలికి వెళ్లకండి. డబ్బా మీద కూడా అదే లోపం ఉంటే ట్యాంకు వైపు వెతకడం మానేసి, చివరి భాగానికి వెళ్లండి.

తర్వాత ఒక్కో భాగాన్ని తిరిగి కలుపుతూ రండి: ముందు డబ్బా పైపును ఫిల్టర్‌కు ముందు, తర్వాత సెపరేటర్‌కు ముందు, తర్వాత ఛాసిస్ పైపు మొదట్లో. ఏది కలిపినప్పుడు లోపం తిరిగొచ్చిందో దానిలోనే ఉంది.

గాలి ఎక్కడ చొరబడుతోంది

పీల్పుడు వైపు సందులు తడి చూపించవు. అందుకే దారిని తలకిందులు చేయాలి, పీల్చే చోట ఒత్తిడి పెట్టాలి. పంపు దగ్గర (లిఫ్ట్ పంపు ఉంటే దానికి ముందే) ఇన్లెట్ పైపు విప్పి మూసేయండి. ట్యాంకు దగ్గర పైపు విప్పి, చేతి పంపుతో 2–3 పీఎస్ఐ గాలి ఇవ్వండి. అంతకు మించొద్దు, సైకిల్ పంపుతో కొట్టినా ఆ హద్దు దాటిపోతుంది. లోపల ఉన్న డీజిల్ సందుల్లోంచి చెమర్చుతుంది. పైపును పొడిగా తుడిచి, జాయింట్ల దగ్గర సబ్బు నీళ్లు రాసి ఓపికగా చూడండి.

ఎక్కువగా దొరికే చోట్లు ఇవి. రబ్బరు పైపు ఇనుప పైపు మీదికి ఎక్కే చోట రబ్బరు గట్టిపడి, బిగుతు పోయి ఉంటుంది. దాని మీద స్క్రూ క్లిప్పు ఎంత బిగించినా స్క్రూ కింద చిన్న సందు మిగులుతుంది. సన్నటి పైపులకు చుట్టూ సమానంగా పట్టే ఇంధన క్లిప్పులే వాడాలి. పైపు చివర అర అంగుళం కోసేసి మళ్లీ ఎక్కించడం ఒక వారానికి పనికొస్తుంది, కొత్త పైపే సరైన మందు. ఛాసిస్ మీద ఇనుప పైపును పట్టుకునే క్లిప్పుల కింద మట్టి, తడి నిలిచి సూది బెజ్జాలంత తుప్పు రంధ్రాలు పడతాయి. ప్రతి క్లిప్పూ తీసి కింద చూడాల్సిందే. సెపరేటర్ అడుగున నీటి సెన్సరు ఓరింగు, డ్రెయిన్ స్క్రూ వాషరు తర్వాతి అనుమానితులు. ఫిల్టర్ మార్చినప్పటి నుంచే లోపం మొదలైతే పాత రబ్బరు రింగు తలకే అంటుకుని, దాని మీద కొత్తది పడిందేమో చూడండి.

ఫిల్టర్ తల మీది హ్యాండ్ ప్రైమర్‌ను మరిచిపోతుంటారు. దాని లోపలి రబ్బరు చిట్లితే అక్కడి నుంచే గాలి లాగుతుంది. ప్రైమర్ చేతికి చెప్పేవి చాలా ఉన్నాయి. నొక్కుతూ పోతే కాసేపటికి గట్టిపడాలి. ఎన్నిసార్లు నొక్కినా మెత్తగానే ఉంటే గాలి వస్తోంది, లేదా దాని వాల్వులు పోయాయి. గట్టిపడి, ఐదు నిమిషాల్లో మళ్లీ మెత్తబడితే డీజిల్ వెనక్కి జారుతోంది. నొక్కి వదిలాక బటను పైకి లేవడానికి బద్ధకిస్తే అది గాలి కాదు, ట్యాంకు వైపు అడ్డు. ఇంజిన్ నడుస్తుండగా బటను తనంతట తానే కిందికి లాక్కుపోయినా అదే అర్థం.

నాజిళ్ల మధ్య గొలుసులా వెళ్లే సన్నటి అల్లిక పైపులు, ఆఖరి నాజిల్ మీది రబ్బరు మూత కూడా చూడండి. అవి రిటర్న్ వైపువి కాబట్టి బండి నడిచేటప్పుడు గొడవ చేయవు. నిలబెట్టాక అక్కడి నుంచి గాలి దూరి, పంపులోని డీజిల్ ట్యాంకుకు జారిపోతుంది. తడిగా, నల్లగా కనిపిస్తే అన్నీ ఒకేసారి మార్చేయండి.

ఇప్పుడు ట్యాంకు సగానికి దిగాక ఇబ్బంది పెట్టే బండి. ట్యాంకు లోపల పికప్ పైపు పై భాగంలో, టంకం వేసిన చోట సన్నటి పగులు ఉంటే, డీజిల్ ఆ పగులు పైదాకా ఉన్నంతసేపు ఏమీ తెలియదు. మట్టం పగులు కిందికి దిగగానే పైపు డీజిల్‌తో పాటు గాలి కూడా పీలుస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు డీజిల్ ఒక పక్కకు పోయి ఇంకా ముందే బయటపడుతుంది. బయట ఎంత వెతికినా, ఎన్ని పైపులు మార్చినా ఈ లోపం పోదు. నిర్ధారించుకోవడానికి ట్యాంకు నింపండి. వెంటనే బాగైతే పికప్ యూనిట్ పైకి తీయాల్సిందే. తీశాక అడుగు చివర వేలితో మూసి, పైపును నీళ్లలో ముంచి, పై నుంచి మెల్లగా ఊదండి. బుడగ వచ్చిన చోటే పగులు.

అడ్డు ఎక్కడ ఉంది

లోడ్ మీద కుంగే బండికి మొదట కొత్త ఫిల్టర్ వేసి, పాతదాన్ని కోసి కాగితం చూడండి. అది ట్యాంకు లోపలి పరిస్థితికి అద్దం. కొత్త ఫిల్టర్‌తో బాగై, కొద్ది రోజుల్లోనే మళ్లీ మొదలైతే ఫిల్టర్లు మారుస్తూ కూర్చోకండి, ట్యాంకు దించి కడగండి. బాగా చలిలో మాత్రమే ఇలా అయితే డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టర్‌ను మూస్తోంది. చలికాలపు డీజిల్ పోయడమే దానికి దారి.

కొలిచి చూడాలంటే ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య టీ ముక్క పెట్టి వాక్యూమ్ గేజ్ తగిలించండి. లిఫ్ట్ పంపు లేని బండిలో, దారి శుభ్రంగా ఉంటే ముల్లు ఖాళీ రేసులో పాదరసం రెండు మూడు అంగుళాల దగ్గరే ఉంటుంది. రేసు పెంచినా పెద్దగా ఎక్కకూడదు. పది అంగుళాలు దాటుతోందంటే అడ్డు ఉన్నట్టే. గేజ్‌ను ఫిల్టర్‌కు ముందుకు మార్చండి. అక్కడ ముల్లు పడిపోతే అడ్డు ఫిల్టర్‌లో, పడకపోతే ఇంకా వెనక.

వెనక ఉంటే పికప్ జాలీయే ఎక్కువగా కారణం. ట్యాంకు మూత తీసి, పైపును సెపరేటర్ దగ్గర విప్పి, ట్యాంకు వైపు మెల్లగా గాలి ఊదండి. లోపల గలగలమని బుడగల చప్పుడు తేలిగ్గా వినిపించాలి. ఊదాక బండి ఒక పూట బాగుండి మళ్లీ కుంగితే జాలీకి అడ్డుపడ్డ చెత్త తిరిగొచ్చింది. జాలీని కోసి పారేయకండి, ఆ చెత్తంతా సెపరేటర్ దాకా వస్తుంది. లిఫ్ట్ పంపులోంచి మాత్రం ఎప్పుడూ ఊదొద్దు, డయాఫ్రమ్ చిరుగుతుంది.

రబ్బరు పైపు ఇంకో రకంగా మోసం చేస్తుంది. బయట నున్నగా ఉండి, లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతుంది. నెమ్మదిగా లాగినప్పుడు పక్కకు ఒదిగి ఉంటుంది, గట్టిగా లాగినప్పుడు దారి మూస్తుంది. ఊది చూస్తే ఏమీ తెలియదు. పదేళ్లు దాటిన పైపులను అనుమానం లేకపోయినా మార్చడమే మేలు.

పంపు ఇన్లెట్ బ్యాంజో బోల్టు లోపల కొన్ని పంపుల్లో చిన్న జాలీ ఉంటుంది. విప్పి కడగండి. ఇక్కడ ఒక హెచ్చరిక: రోటరీ పంపు రిటర్న్ వైపు బ్యాంజో బోల్టు మామూలు బోల్టు కాదు. దాని లోపల సన్నటి రంధ్రం ఉంటుంది, పంపు లోపలి ఒత్తిడిని నిలబెట్టేది అదే. చాలావాటి మీద అవుట్ అని ఇంగ్లీషులో చెక్కి ఉంటుంది. రెండు బోల్టులూ అటూ ఇటూ మారితే ఇన్లెట్ దగ్గరే దారి ఇరుకై ఇంజిన్‌కు డీజిల్ చాలదు. ఒకదాన్ని విప్పి, బిగించాకే రెండోది విప్పండి. రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవి.

లిఫ్ట్ పంపు ఉంటే

బయటికి వెళ్లే పైపు విప్పి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించండి. ప్రతి తోపుకూ డీజిల్ గట్టిగా ఎగజిమ్మాలి. కారినట్టు వస్తే పంపు నీరసించింది, లేదా దానికే డీజిల్ అందడం లేదు. చేతి లివర్ ఆడిస్తే ఏ బలమూ తగలకుండా వదులుగా ఊగుతుంటే కంగారు పడొద్దు, క్యామ్ ఎత్తు మీద ఆగి ఉంటుంది. ఇంజిన్‌ను ఒక చుట్టు తిప్పి మళ్లీ ప్రయత్నించండి. ఇంజిన్ ఆయిల్ మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తే ముందు అనుమానించాల్సింది డయాఫ్రమ్‌నే. అలాంటి బండిని నడపకండి, పంపు మార్చి, ఆయిల్ కూడా మార్చాకే తీయండి.

ఎయిర్ తీసే క్రమం

1. ఫిల్టర్ తల మీది స్క్రూ ఒక చుట్టు వదులు చేసి, బుడగల్లేని డీజిల్ వచ్చేదాకా ప్రైమర్ నొక్కండి. ప్రైమర్ నొక్కి ఉంచే బిగించండి.
2. పంపు మీద ఎయిర్ స్క్రూ ఉంటే దానికీ అదే. కారే డీజిల్ కింద గుడ్డ పెట్టండి, రబ్బరు మౌంటింగుల మీద, క్లచ్ హౌసింగ్ మీద, ఆల్టర్నేటర్ మీద పడనివ్వొద్దు.
3. నాజిల్ దగ్గర పైపు నట్లు అర చుట్టు వదులు చేసి, పది సెకన్లు సెల్ఫ్ కొట్టించండి. అర నిమిషం ఆగి మళ్లీ కొట్టండి. ఆగకుండా కొడితే స్టార్టర్ మోటారు కాలుతుంది, పొడిగా తిరిగే పంపూ అరుగుతుంది. దానికి డీజిలే లూబ్రికేషన్.
4. తోపులు తోపులుగా డీజిల్ వచ్చిన నట్టును వచ్చినట్టే బిగించండి. ఇంజిన్ సాధారణంగా రెండు మూడు సిలిండర్లతోనే అందుకుంటుంది, మిగిలినవి తర్వాత కలుస్తాయి.

చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. నాజిల్ తెరుచుకునే ఒత్తిడి పాత ఇన్‌డైరెక్ట్ ఇంజిన్లలోనే (డీజిల్‌ను ముందు పక్క గదిలోకి చిమ్మేవి) 100 బార్ దాటుతుంది, డైరెక్ట్ ఇంజెక్షన్‌లో 200 దాకా, ఆపైన కూడా ఉంటుంది. ఆ చిమ్ము చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి చిన్న గాటులా కనిపించినా అది వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిన గాయం. లీకు వెతకడానికి వేలు పెట్టకండి, అట్టముక్క పెట్టండి.

డబ్బా మీద కూడా లోపం పోకపోతే

ఐడ్లింగ్‌లో ఒక్కో నాజిల్ నట్టు గుడ్డ కప్పి వదులు చేయండి. బాగున్న సిలిండర్ దగ్గర ఇంజిన్ తడబడుతుంది. వదులు చేసినా తేడా లేని సిలిండర్ పనిచేయడం లేదు. ఆ నాజిల్‌ను పక్కదానితో మార్చి చూడండి. లోపం నాజిల్‌తో పాటు కదిలితే నాజిల్, కదలకపోతే కంప్రెషన్ కొలవాలి, లేదా పంపులో ఆ సిలిండర్‌కు వెళ్లే వాల్వు చూడాలి. నాజిల్ కింది వాషర్లు కొత్తవి వేయడం మరవొద్దు.

ఏ నట్టు దగ్గరా చుక్క కూడా రాకపోతే, సొలెనాయిడ్ బాగుందని తేల్చుకున్నాక, పంపు షాఫ్ట్ అసలు తిరుగుతోందా అని చూడండి. టైమింగ్ బెల్టు, గేరు, షాఫ్ట్ కీ ఏదైనా తెగి ఉండొచ్చు.

వేడిలో అందుకోని బండికి, పంపు డీజిల్ పంచే తల భాగం మీద తడి గుడ్డ చుట్టి పావుగంట చల్లారనివ్వండి. వేడి పంపు మీద చన్నీళ్లు కుమ్మరించకండి, రోటర్ బిగుసుకుపోవచ్చు. చల్లారాక వెంటనే అందుకుంటే లోపలి హెడ్డూ రోటరూ అరిగాయి. వేడికి పలచబడ్డ డీజిల్ ఆ సందుల్లోంచి జారిపోయి, సెల్ఫ్ వేగానికి నాజిల్ తెరిచేంత ఒత్తిడి రావడం లేదు. దీనికి బయట చేసే వైద్యం లేదు, పంపులు పరీక్షించి సరిచేసే షాపులో పంపు బెంచి మీదికి వెళ్లాల్సిందే.

లివర్ షాఫ్ట్ దగ్గర, పైమూత చుట్టూ డీజిల్ చెమర్చడం మాత్రం అరుగుదల కాదు. గంధకం తగ్గించిన డీజిల్ వచ్చాక పాత నైట్రైల్ రబ్బరు సీళ్లు కుంచించుకుపోయి ఇలా కారడం మొదలైంది. విటాన్ (ఇంధనాన్ని బాగా తట్టుకునే రబ్బరు) సీళ్ల కిట్టుతో బాగవుతుంది.

పంపు విప్పే ముందు పుల్లీకి, బాడీకి గుర్తులు గీసి ఫొటో తీసుకోండి. బెంచి దగ్గరికి వెళ్లేటప్పుడు సెపరేటర్ నుంచి తీసిన సీసా, కోసిన పాత ఫిల్టర్ కూడా పట్టుకెళ్లండి. పంపు అక్కడ ఉన్న రోజుల్లోనే ట్యాంకు దించి కడిగించండి. ఇనుప పైపు ఊదించండి, రబ్బరంతా కొత్తది వేయండి. తిరిగి బిగించిన వెయ్యి కిలోమీటర్లలోపు ఫిల్టర్ ఇంకోసారి మార్చి, దాన్నీ కోసి చూడండి.